మంచుకొండకు మూడు పొరలు

హిమాలయం పేరు వినగానే తెలుగు చదువుకున్నవారికి ప్రవరుడు గుర్తుకు వస్తాడు. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'లో ఆ యువకుడు సిద్ధుడిచ్చిన పసరును కాళ్ళకు పూసుకొని క్షణంలో మంచుకొండను చేరుకున్నాడు. చూడవలసినవన్నీ చూసి ఇల్లు చేరాలనుకునే వేళకు, కరిగిన మంచులో ఆ పసరు కాస్తా కొట్టుకుపోయింది. కావ్యకథ అంతా తడికి నిలువని ఒక పూత మీద మలుపు తిరిగిందన్నమాట. నేను ఏళ్ళ తరబడి ఈ ఘట్టాన్ని తరగతిలో చెబుతూ వచ్చాను. విద్యార్థులు వరూధిని గురించి అడిగినన్ని ప్రశ్నలు ప్రవరుని పాదాల గురించి అడగరు. ఒక్కడు మాత్రం లేచి, "సార్, అంత చలిల ఆయన ఒంటి మీద ఏం బట్టలుండె?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. అడిగినవాడు నవ్వలేదు. అతడు చేనేత కుటుంబంలో పుట్టినవాడు. బట్ట ప్రస్తావన వస్తే అతనికి అది నవ్వులాట కాదు.

ఆ కుర్రవాడు మా కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, డిగ్రీలో చేరిన తరువాత భువనగిరి కొండ మీద రాతి ఆరోహణ నేర్చుకున్నాడు. 2014లో పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు శిఖరాన్ని చేరిన మాలావత్ పూర్ణ కూడ మొదట కాళ్ళు నిలదొక్కుకున్నది ఆ ఏకశిల మీదనే. అక్కడ కనబరచిన నేర్పు వల్ల, కాశ్మీరులోని గుల్మార్గ్‌లో పద్నాలుగు రోజులపాటు జరిగే ప్రాథమిక స్కీయింగ్ శిక్షణకు వెళ్ళే అవకాశం అతనికి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో శిబిరం. 2023 డిసెంబరులో ఒక సాయంత్రం చేతిలో ఒక కాగితంతో మా ఇంటికి వచ్చాడు. స్కీలు, చేతికర్రలు, బూట్లు, శిరస్త్రాణం శిబిరంలోనే ఇస్తారట. ఒంటి మీది దుస్తులు ఎవరికి వారే తెచ్చుకోవాలి. ఆ కాగితంలో ఉన్న వస్తువుల పేర్లలో సగానికి పైగా అతనికి గాని నాకు గాని పరిచయం లేనివి.

"మొత్తం పన్నెండు వేలున్నయి సార్. ఏడు వేలు నాయిన ఇచ్చిండు. అయిదు వేలు నేను ఎండకాలం పని చేసి దాచుకున్నవి. ఇందుల అన్నీ రావాలె" అన్నాడు.

ఏడువేల రూపాయలంటే మగ్గం మీద ఎన్ని రోజుల పనో నాకు తెలుసు. అందువల్ల ఆ కాగితాన్ని నేను కొనుగోలు జాబితాగా చూడలేకపోయాను.

మన భాషలో 'మంచు' అనే ఒక్క మాటతోనే ఎన్నో పనులు చేసుకుంటాము. తెల్లవారుజామున గడ్డి మీద నిలిచేదీ మంచే, దారి కనబడకుండా కమ్మేదీ మంచే, కొండ మీద పేరుకొన్నదీ మంచే. తుహినం, నీహారం, ప్రాలేయం అంటూ నిఘంటువు నిండా పర్యాయపదాలున్నా, వాటిని వాడిన మన కవులలో ఎక్కువ మంది వాటిని కాలితో తొక్కి ఎరుగరు. కాశ్మీరీలు ఆకాశం నుండి రాలే మంచును 'శీన్' అంటారు. డిసెంబరు 21 నుండి నలభై రోజులపాటు సాగే తీవ్రమైన చలికాలానికి వారు 'చిల్లై కలాన్' అని ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నారు. ఆ చలిలో వారు ఫెరన్ అనే వదులైన ఉన్ని అంగీని ధరించి, దాని లోపల కాంగ్డీ అనే నిప్పుల కుంపటిని పట్టుకొని తిరుగుతారు. తరతరాల అనుభవం నుండి పుట్టిన వేషం అది. అయితే స్కీల మీద జారేవాడు కుంపటిని వెంట తీసుకుపోలేడు. అతని కుంపటి అతని శరీరమే. దుస్తులు చేయవలసిందల్లా ఆ వేడిని బయటికి పోనీయకుండా కాపాడడం.

ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ముందుగా మేము నేర్వవలసింది మాకు కొంత కష్టం కలిగించింది. మంచు క్రీడలకు సంబంధించిన ఏ పుస్తకం తిరగవేసినా మొదటి హెచ్చరిక ఒక్కటే: నూలుబట్ట వద్దు.

ఆ మాటను ఒక నేత కార్మికుని ఇంట్లో ఎలా చెప్పాలి? నేను ఆ కుర్రవానితో కలిసి వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి, తండ్రి కొడుకు కోసం నేసిన రెండు చొక్కాల గుడ్డనూ ఒక పెద్ద తువ్వాలనూ మడతపెట్టి గూట్లో ఉంచాడు. కొడుకు హిమాలయాలకు వెళుతుంటే తన చేతి బట్ట కట్టుకొని వెళ్ళాలని ఆయన కోరిక. కుర్రవాడు తల వంచుకొని నా వైపు చూశాడు. నేను విషయం చెప్పాను. ఆయన కోపగించుకోలేదు గాని నమ్మనూ లేదు. "ఎండల కూడ, వానల కూడ కట్టుకుంటిమి సారూ. చలి ఏం చేస్తది?" అన్నాడు.

"వేసవిలో మీరు మంచినీళ్ళ కుండకు తడిగుడ్డ ఎందుకు చుడతారు?" అని అడిగాను.

"సల్లగుండనీకి."

"ఆ కుండ స్థానంలో మీవాడు ఉంటాడు."

ఆయన కాసేపు ఆలోచనలో పడ్డాడు. నూలుపోగు నీటిని తన లోపలికే పీల్చుకుంటుంది. ఆ నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడిని పక్కనున్న వస్తువు నుండి లాగుకుంటుంది. మే నెల ఎండలో మన చెమటను పీల్చి మనలను చల్లబరచే ఆ గుణమే, సున్నాకు దిగువనున్న చలిలో శత్రువుగా మారుతుంది. పైగా పొడిబట్టలో పోగుల మధ్య గాలి నిలిచి ఉంటుంది. వెచ్చదనాన్ని ఇచ్చేది నిజానికి ఆ గాలే. బట్ట తడిసినప్పుడు గాలి ఉన్న చోట నీరు చేరుతుంది. గాలికంటె నీరు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని మోసుకుపోతుంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల నుండి 35 డిగ్రీలకు దిగువకు పడిపోతే అది ప్రమాదమని వైద్యులు చెబుతారు. రెండే డిగ్రీల తేడా.

మరి ఉన్ని సంగతి? మన తెలంగాణలో గొర్రెల కాపరి చేతికర్రతోపాటు భుజాన గొంగడిని కూడ మోసుకు తిరుగుతాడు. దక్కని గొర్రెల ముతక ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన ఆ నల్లని కంబళి చిరుజల్లును పైపైనే జార్చివేస్తుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు వరకు తేమను లోపల దాచుకొని కూడ తాకినవారికి తడిగా అనిపించదు. ఆ ఇంటి పక్కనే ఒక కురుమల ఇల్లు ఉన్నది. ఆ రాత్రి తండ్రి తన నూలు తువ్వాలను, పక్కింటి నుండి తెచ్చిన పాత గొంగడి ముక్కను, మార్కెట్లో కొన్న ఒక పాలియెస్టర్ బనీనును నీళ్ళలో ముంచి, పిండి, దండెం మీద వేశాడట. తెల్లవారి చేతితో తాకి చూసి కొడుకుతో ఒకే మాట అన్నాడట: "మన బట్ట ఎండకాలం బిడ్డ. దాన్ని మంచుకు తోలద్దు." ఆ మాట అతడు నాకు చెప్పినప్పుడు, అలంకారశాస్త్రం చదవనివారి నోట అలంకారం ఎంత సహజంగా పుడుతుందో కదా అనిపించింది. చొక్కాల గుడ్డ గూట్లోనే ఉండిపోయింది. తువ్వాలను మాత్రం ఆయన సంచిలో పెట్టించాడు.

అమరకోశంలో అమరసింహుడు వస్త్రాలను వాటి పుట్టుకను బట్టి నాలుగు విధాలుగా విభజించాడు. చెట్టు నార నుండి వచ్చేవి, పత్తివలె కాయ నుండి వచ్చేవి, పట్టుపురుగు గూటి నుండి వచ్చేవి, జంతురోమాల నుండి వచ్చేవి. ఆనాటికి ఆ విభజన సంపూర్ణమే. ఈనాడు మంచు మీద జారేవాని ఒంటి మీది దుస్తులలో ఎక్కువ భాగం అయిదవ జాతికి చెందుతుంది. అది భూగర్భంలోని ముడిచమురు నుండి పుట్టినది. పాలియెస్టర్ పోగు తన బరువులో నూటికి ఒక వంతు తేమను కూడ లోపలికి తీసుకోదు. ఎండాకాలంలో మనం ఆ బట్టను తిట్టుకొనేది ఆ గుణం చేతనే. మంచులో మెచ్చుకొనేదీ దాని చేతనే.

స్కీయింగ్ దుస్తులను మూడు పొరలుగా అమర్చుకోవాలి. చర్మాన్ని అంటిపెట్టుకొని ఉండే లోపలి పొర చెమటను పైకి పంపాలి. మధ్యపొర గాలిని పట్టి ఉంచి వెచ్చదనం ఇవ్వాలి. పైపొర మంచునూ గాలినీ ఆపాలి. ఒకే మందపాటి కోటు ఈ మూడు పనులనూ చేయలేదు. పైకి ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, నిలబడినప్పుడు వణుకు పుడుతుంది. పొరలైతే సమయానికి తగినట్లు ఒకటి తీయవచ్చు, ఒకటి తొడగవచ్చు.

ఇంత తెలిసిన తరువాత ఒక ఆదివారం హైదరాబాదుకు బయలుదేరాము. ముందుగా చలికాలంలో టిబెటన్లు పెట్టే స్వెటర్ల దుకాణాల వరుసకు వెళ్ళాము. ఏటా చలి మొదలుకాగానే వచ్చి, చలి తగ్గగానే వెళ్ళిపోయే ఈ వ్యాపారులు మన పట్టణాలకు పాత చుట్టాలే. వారు అమ్మే స్వెటర్లలో చాలా భాగం పంజాబులోని లూధియానాలో తయారవుతాయి. అక్కడ కూర్చున్న పెద్దావిడకు స్కీయింగ్ మాట చెప్పగానే మందపాటి స్వెటర్ల కట్టను పక్కకు నెట్టివేసింది. అల్లిన ఉన్ని లోపలికి మంచిదే గాని, పైన వేసుకుంటే పడినప్పుడల్లా మంచు దానికి గడ్డలు గడ్డలుగా అతుక్కుంటుందని హిందీలో చెప్పి, పలుచని టోపీ ఒకటి, మెడకు తొడుక్కునే గొట్టం వంటి పట్టీ ఒకటి చేతిలో పెట్టింది. నేను మఫ్లర్ చాలదా అని అడిగాను. వేలాడే గుడ్డ ఏదీ స్కీయింగ్‌కు పనికిరాదట. పైకి లాగే యంత్రంలో చిక్కుకుంటే మెడకే ప్రమాదం. మన ఇళ్ళలో చలికాలపు అధికారిక చిహ్నమైన మంకీ క్యాప్ కూడ శిరస్త్రాణం కింద ఇమడదు. అమ్మకం వదులుకొని నిజం చెప్పే వ్యాపారులు తక్కువ. ఆమె దగ్గర నాలుగు వందల యాభై రూపాయల సరుకు కొన్నాము.

తరువాత వెళ్ళిన ఒక పెద్ద దుకాణంలో అనుభవం వేరు. అక్కడి యువకుడు మా మాట పూర్తికాక ముందే నల్లని తోలుకోటు ఒకటి తెచ్చి, ఇది తొడుక్కుంటే సైబీరియాకైనా వెళ్ళవచ్చునన్నాడు. ధర పదివేలు. కుర్రవాడు దానిని రెండు చేతులతో ఎత్తి చూసి, మర్యాదగా మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. "దీన్ని మోసుకొని జారుడు కాదు సార్, పడుడే" అన్నాడు నెమ్మదిగా.

చివరకు క్రీడాసామగ్రి అమ్మే మరొక దుకాణంలో మాకు కావలసినవి దొరికాయి. అక్కడ నేను దాదాపు ప్రేక్షకుణ్ణి. ఆ కుర్రవాడు బట్టలను ఎంచిన తీరు నేను తాళపత్రాలను పరిశీలించే తీరు వంటిది. ముందు వేళ్ళ మధ్య నలిపాడు. వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాడు. తిరగవేసి లోపలి వైపు చూశాడు. ఫ్లీస్ అనే మధ్యపొర బట్టను చూసి, "దీనికి పడుగూ లేదు, పేకా లేదు. అల్లిక బట్టను గీకి నూగు లేపిండ్రు. గాలి ఆ నూగుల ఉంటది" అన్నాడు. నిజమే. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు మిల్లు ఒకటి తయారుచేసిన ఈ బట్ట పాలియెస్టర్ అల్లికకు నూగు లేపినదే. ఖాళీ ప్లాస్టిక్ సీసాలను కరిగించి కూడ దీనిని తయారుచేస్తారు. తేలికగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది, గాలిని మాత్రం ఆపలేదు. ఉతికినప్పుడల్లా దాని నుండి సూక్ష్మమైన ప్లాస్టిక్ పోగులు నీటిలో కలుస్తాయన్నది దాని మీద ఉన్న నింద. ఆ నింద నిజమే గాని తొమ్మిది వందల రూపాయలకు అంత వెచ్చదనం ఇచ్చే మరో బట్ట మాకు కనబడలేదు.

పైపొర దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. నీటిని లోపలికి రానీయకుండా చెమట ఆవిరిని బయటికి పోనిచ్చే బట్ట ఎలా సాధ్యం? 1969లో రాబర్ట్ గోర్ అనే అమెరికన్, దోసె అంటుకోకుండా పెనానికి పూసే టెఫ్లాన్ జాతి పదార్థాన్ని వేడిచేసి ఒక్కసారిగా సాగలాగితే అది తెగిపోకుండా అసంఖ్యాకమైన సూక్ష్మరంధ్రాలతో పలుచని పొరగా విస్తరించడం గమనించాడు. ఆ రంధ్రాలు నీటిబొట్టు కంటె వేల రెట్లు చిన్నవి, ఆవిరి అణువు కంటె వందల రెట్లు పెద్దవి. గోర్‌టెక్స్ పేరుతో అది ప్రపంచమంతటా వ్యాపించింది. ఆ జాతి రసాయనాలు ప్రకృతిలో త్వరగా నశించవని తేలినందున ఇటీవల తయారీదారులు వాటికి బదులు వేరే పొరలను తెస్తున్నారు. ఏ పొర అయినా దాని శక్తిని చీటీ మీద మిల్లీమీటర్లలో రాస్తారు. పదివేలు అని ఉంటే, పది మీటర్ల ఎత్తు నీటి స్తంభపు ఒత్తిడిని ఆ బట్ట ఓర్చుకుంటుందని అర్థం. మంచులో కూర్చున్నప్పుడు మన బరువు ఒత్తి నీటిని లోపలికి నెడుతుంది కనుక ఆ అంకె ఉత్త అలంకారం కాదు.

నా సహోద్యోగి కుమారుడు అమెరికాలో మిన్నెసోటాలో చదువుకొని వచ్చాడు. అతని జాకెట్ ఒకటి బీరువాలో నాఫ్తలీన్ ఉండల మధ్య పడి ఉంటే, ఆయన దానిని కుర్రవానికి ఇచ్చాడు. బాతు ఈకల నూగుతో నింపిన మెత్తని జాకెట్ అది. దానితో పైపొర ఖర్చు తప్పినట్లే అని మేము ఇంటి దగ్గర లెక్క వేసుకొని వచ్చాము. దుకాణంలోని జాకెట్లను చూసిన తరువాత కుర్రవాడు తన సంచిలో ఉన్న ఆ మిన్నెసోటా జాకెట్ తీసి, సీసాలోని నీళ్ళు కొద్దిగా చేతి మీద పోశాడు. బట్ట మీద నీళ్ళు ముత్యాల్లా జారాయి. కుట్టు దగ్గర మాత్రం సన్నని నల్లగీత పడి, నెమ్మదిగా వెడల్పైంది.

"బట్ట తడ్వదు సార్. కుట్టు తడుస్తది" అన్నాడు.

సూది దూరిన ప్రతి చోటా ఒక రంధ్రం. మంచి పైపొరకు లోపలి వైపు ఆ కుట్లన్నిటి మీద పట్టీ అతికించి ఉంటుంది. ఈకల నూగు పొడిగా ఉన్నంతసేపు దానంత వెచ్చని వస్తువు లేదు. తడిస్తే ముద్దకట్టి, ఆరడానికి గంటలు పడుతుంది. ఎడతెగని పొడి చలి ఉన్న చోట నడిచేవారికి అది సరిపోతుంది. మంచులో రోజుకు నలభై సార్లు పడే కొత్త స్కీయరుకు అది సాయంత్రం గది బయట వేసుకోవడానికే తగినది. లెక్క మళ్ళీ మొదటికి వచ్చింది.

లోపలి దుస్తులు రెండు జతలు రెండువేల నాలుగు వందలు. ఫ్లీస్ తొమ్మిది వందలు. రెండు జతల పొడుగాటి మేజోళ్ళు ఏడు వందలు. మేజోళ్ళు ఒకదానిపై ఒకటి తొడిగితే బూటులో పాదం బిగిసి, రక్తం ఆడక, వెచ్చదనానికి బదులు తిమ్మిరి వస్తుంది. అందుచేత ఒక్కటే, పలుచగా, ముడతలు పడకుండా తొడగాలి. చేతి తొడుగులు పద్నాలుగు వందలు. అయిదు వేళ్ళకు విడివిడిగా ఉండేవి కాక, నాలుగు వేళ్ళూ ఒకే గదిలో ఉండే రకం తీసుకున్నాడు. ఒక వేలి వేడి మరొక వేలికి అందుతుంది. తడవని పాంటు మూడు వేలు. కొత్తవాడు నిలబడే సమయం కంటె కూర్చుండే సమయమే ఎక్కువ కనుక దాని విషయంలో బేరం లేదు. కళ్ళద్దాలు పదహారు వందలు. టిబెటన్ దుకాణపు ఖర్చుతో కలిపితే పదివేల నాలుగు వందల యాభై. మిగిలింది పదిహేను వందల యాభై. కుట్లకు పట్టీ వేసిన జాకెట్ అన్నిటికంటె చౌకది నాలుగువేలు.

దుకాణదారు ఒక ఉపాయం చెప్పాడు. ఆ కళ్ళద్దాలు మాని, నూట యాభై రూపాయల మామూలు నల్లద్దాలు కొంటే చాలావరకు సర్దుబాటు అవుతుందన్నాడు. కుర్రవాడు నా వైపు చూశాడు. ఇక్కడ మాత్రం నేను మాట్లాడవలసి వచ్చింది. తాజా మంచు తన మీద పడిన అతినీలలోహిత కిరణాలలో నూటికి ఎనభై వంతుల వరకు తిరిగి పైకి కొడుతుంది. ఎత్తుకు వెళ్ళేకొద్దీ, ప్రతి వెయ్యి మీటర్లకు ఆ కిరణాల తీవ్రత సుమారు పదోవంతు పెరుగుతుంది. గుల్మార్గ్ రెండువేల ఆరు వందల మీటర్లకు పైన ఉన్నది. ఎండ పై నుండి, కింద నుండి, పక్కల నుండి కంటిలో పడుతుంది. రక్షణ లేకపోతే కొన్ని గంటలలో కంటి పైపొర కమిలిపోతుంది. నొప్పి మొదలయ్యేది ఆ రాత్రికి. దీనినే మంచు అంధత్వం అంటారు. కేవలం నల్లగా ఉన్నంత మాత్రాన అద్దం ఆ కిరణాలను ఆపదు. పైగా చీకటికి కంటిపాప విచ్చుకొని హాని ఇంకా పెరుగుతుంది. "కళ్ళ దగ్గర తగ్గవద్దు నాయనా. జాకెట్‌కు తక్కువైన డబ్బు నేను ఇస్తాను" అన్నాను.

"వద్దు సార్" అన్నాడు. ఆ 'వద్దు'లో గర్వం లేదు. చేతిలో ఉన్న పన్నెండువేలలోనే ఈ కొనుగోలు ఇమడాలని అతడు మనసులో గీత గీసుకున్నాడు. నేను మరొకసారి అనలేదు.

అతడే వెళ్ళి, గడిచిన ఏడాది సరుకు పడవేసిన మూలలో వెదకసాగాడు. అరగంట తరువాత ఒక జాకెట్ పట్టుకొని వచ్చాడు. లోపల కుట్లకు పట్టీ ఉన్నది. చీటీ మీద పదివేల అంకె ఉన్నది. నడుము దగ్గర మంచు లోపలికి చొరబడకుండా బిగించుకునే గుడ్డపట్టీ కూడ ఉన్నది. రంగు మాత్రం ముదురు కనకాంబరం. ఆ రంగు వల్లనే ఎవరూ కొనక, నాలుగువేలది రెండువేల నూరుకు దిగింది. లోపలి దుస్తులలో ఒక పాంటును తగ్గించుకుంటే ఆరు వందలు మిగులుతాయి. లెక్క సరిపోయింది. అద్దం ముందు నిలబడి తొడిగి చూసుకుంటూ సిగ్గుపడ్డాడు. కన్నడ రాజు కొలువులో కుల్లాయి పెట్టుకొని, కూర్పాసం తొడుక్కొని శ్రీనాథుడు వాపోయినట్లు ఒక చాటువు ప్రచారంలో ఉన్నది. పరదేశపు వేషం మహాకవికే ఇబ్బంది కలిగించినప్పుడు పద్దెనిమిదేళ్ళ కుర్రవానికి కలగదా! పొగమంచు కమ్మినప్పుడు తెల్లని కొండ మీద మనిషిని వెదకడానికి ఆ రంగును మించినది లేదని చెప్పాను. చేతిలో యాభై రూపాయలు మిగిలాయి. బయట ఇద్దరం చాయ్ తాగాము.

జనవరిలో మాకు మరో దిగులు పట్టుకుంది. 2024లో చిల్లై కలాన్ దాదాపు ముగిసే దాకా గుల్మార్గ్‌లో మంచు కురవలేదు. గోధుమరంగు గడ్డితో బోసిపోయిన వాలుల ఫొటోలు పత్రికలలో వచ్చాయి. కొన్న దుస్తులన్నీ ఆ ఇంట్లో దండెం మీద వేలాడుతుంటే, తండ్రి రోజూ సాయంత్రం "పడ్డదా?" అని అడిగేవాడట. నెలాఖరులో పడింది. ఫిబ్రవరిలో కుర్రవాడు రైలెక్కాడు.

మూడవ రోజు రాత్రి ఫోన్ చేశాడు. మొదటి రోజు ఇరవైసార్లకు పైగా పడ్డానని, తడి లోపలికి రాలేదని చెప్పాడు. కళ్ళద్దాలను నుదుటి మీదికి నెట్టుకుంటే చెమట ఆవిరి పట్టి మసకబారుతాయని, అందుచేత దించే ఉంచాలని అక్కడి శిక్షకుడు నేర్పాడట. తరువాత గొంతు తగ్గించి మరో సంగతి చెప్పాడు. అతని గదిలో ఉన్న మరో కుర్రవాడు జీన్స్ పాంటు, నూలు బనీను, పైన ఖరీదైన కోటు వేసుకొని వచ్చాడు. మధ్యాహ్నానికి జీన్స్ తడిసి, గాలి మొదలవగానే గంజి పెట్టిన గుడ్డలా బిగుసుకుపోయింది. వణికిన వాడు కాసేపటికి వణకడం మానేశాడు, మాట తడబడింది. తనకు చలిగా లేదని కూడ అన్నాడట. అది మంచి లక్షణం కాదని గుర్తించిన శిక్షకుడు వెంటనే అతనిని గదికి తరలించాడు. తడిబట్టలు విప్పి, ఒళ్ళు తుడిచి, మావాడు తన రెండవ లోపలి చొక్కానూ ఈకల జాకెట్‌నూ తొడిగించాడు. కంబళ్ళు కప్పి, గోరువెచ్చని తీపి నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించారు. గంటన్నరకు కోలుకున్నాడు.

"ఒళ్ళు తుడవనీకి మా నాయిన తువ్వాల పనికొచ్చింది సార్. ఒక్కసారి అద్దితే నీళ్ళన్నీ గుంజుకున్నది" అన్నాడు.

ఈ మాటను ఆ తండ్రికి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన మగ్గం ఆపి విన్నాడు. మళ్ళీ మొదటి నుండి చెప్పమన్నాడు.

శిబిరం ముగించుకొని వచ్చిన తరువాత కుర్రవాడు ఆ దుస్తులను ఉతికి, ఆరబెట్టి, వేరొక సంచిలో కట్టి మా కళాశాలకు తెచ్చి ఇచ్చాడు. భువనగిరి కొండ మీద శిక్షణ పొందుతున్న మా విద్యార్థిని ఒకతె మరుసటి చలికాలానికి వెళ్ళవలసి ఉన్నది. చేతి తొడుగులు ఆమెకు సరిపోయాయి. ఫ్లీస్ చేతులు రెండంగుళాలు పొడుగయ్యాయి. వాటిని ఆ తండ్రే కత్తిరించి కుట్టి ఇచ్చాడు. కనకాంబరం జాకెట్ చేతులు కూడ పొడుగే. దానిని ఆయన చేతిలోకి తీసుకొని, లోపలి వైపు తిప్పి, కుట్టు మీది పట్టీని బొటనవేలితో నిమిరి చూశాడు. సూది మాత్రం పెట్టనన్నాడు. చేతులను లోపలికి ఒక మడత మడిచి, మణికట్టు దగ్గరున్న పట్టీని బిగించి, "గిట్ల పెట్టుకో బిడ్డా" అని ఆ అమ్మాయికి చూపించాడు.